బతుకు లెక్క: ప్రత్యేక అవసరాలు గల పిల్లలకు రోజువారీ గణితం నేర్పడం ఎలా?

తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు, భవిత కేంద్రాల సిబ్బంది, గ్రామ, వార్డు సచివాలయ ఉద్యోగుల కోసం



ఒకటో తారీఖు ఉదయం పింఛన్ల పంపిణీ వార్త కోసం ఒక ఊరికి వెళ్లాను. ఒక ఇంటి అరుగు మీద పదహారేళ్ల అబ్బాయి కూర్చుని ఉన్నాడు. మేధో వైకల్యం ఉన్న పిల్లవాడు. పింఛను అతని పేరు మీదే వస్తుంది. వేలిముద్ర వేయించుకున్నాక ఐదు వందల నోట్లు పన్నెండు లెక్కపెట్టి తండ్రి చేతికి ఇచ్చారు. అబ్బాయి ఆ నోట్ల వంక చూసి "ఎంత?" అని అడిగాడు. తండ్రి నవ్వి "చాలానేరా" అన్నాడు. అక్కడున్న వాళ్లందరం నవ్వాం. నేనూ నవ్వాను.

ఆ రోజు నేను రాసిన ప్రెస్ నోట్‌లో ఎంతమందికి పంచారో, మొత్తం ఎంత పంచారో అన్నీ ఉన్నాయి. ఆ అబ్బాయి ప్రశ్నకు జవాబు మాత్రం లేదు. డబ్బు అతనిది, వేలిముద్ర అతనిది. లెక్క మాత్రం మిగతా అందరిదీ.

"ఎంత?" అని అడిగిన పిల్లవాడికి నేర్చుకోవాలనే కోరిక ఉన్నట్టే కదా. ఆ కోరికను పట్టుకుని ఇంట్లో, బడిలో, కిరాణా కొట్లో ఏం నేర్పవచ్చో, దానికి ప్రభుత్వం నుంచి ఏ సాయం అందుతుందో ఈ పత్రంలో చెబుతున్నాం. ఒక్కసారే మొత్తం చదవక్కర్లేదు. మీ బిడ్డకు పనికొచ్చే భాగం దగ్గర ఆగి, ఆ ఒక్కటీ ఈ వారం చేసి చూడండి.

■ బతుకు లెక్క అంటే?

బడి గణితంలో ఎక్కాలు, భిన్నాలు, బీజగణితం ఉంటాయి. నేర్చుకోగలిగిన ప్రతి పిల్లవాడికీ అవన్నీ నేర్పాల్సిందే. వైకల్యం ఉందని ముందే గీత గీసేయడం తప్పు. అయితే కొందరు పిల్లలకు ఏళ్ల తరబడి నోట్‌బుక్‌లో ఒకటి నుంచి వంద వరకు రాయించినా, కొట్టుకు వెళ్తే ఏ నోటు ఇవ్వాలో తెలియదు. రాయడం వచ్చింది, వాడటం రాలేదు.

బతుకు లెక్క అంటే వాడే లెక్క. ముఖ్యంగా ఐదు:

• డబ్బు: నోటును గుర్తుపట్టడం, సరిపోయేంత ఇవ్వడం, చిల్లర తీసుకోవడం
• సమయం: బస్సు, మందు, బడి గంట, తేదీ
• కొలత: గ్లాసు, కిలో, లీటరు
• లెక్కింపు, పంపకం: నలుగురికి నాలుగు ప్లేట్లు, తలా ఒక గుడ్డు
• అవసరమైన నంబర్లు: అమ్మ ఫోన్ నంబరు, ఇంటి నంబరు, అత్యవసరానికి 112, పిల్లల సాయానికి 1098

ఇవి వస్తే పిల్లవాడు ఎవరి మీదా పూర్తిగా ఆధారపడడు. ఇంకో సంగతి, అతన్ని మోసం చేయడం కష్టమవుతుంది. మనం లేని రోజున కూడా.

■ ముందు చూడాల్సింది: బిడ్డకు ఇప్పుడు ఏం వచ్చు?

"ఏమీ రాదండీ" అని చాలామంది తల్లులు అంటారు. కాస్త గమనిస్తే చాలా వచ్చి ఉంటుంది. ఫోన్ చార్జింగ్ అయిపోతే తెలుసు. తనకు ఒక బిస్కెట్ తక్కువ ఇస్తే తెలుసు. ఆదివారం బడి లేదని తెలుసు. ఇవన్నీ లెక్కలే.

ఇంట్లోనే ఇలా చూడండి. పరీక్షలా కాకుండా పనిలో పనిగా అడగండి.

1. "నాలుగు చెంచాలు తే" అంటే సరిగ్గా నాలుగు తెస్తాడా? పిడికిట్లో పట్టినన్ని తెస్తాడా?
2. రెండు కుప్పల్లో ఎక్కువ ఏదో చూపగలడా?
3. 5 అనే అంకె చూపిస్తే ఐదు వస్తువులు పెడతాడా?
4. పది నోటును, ఇరవై నోటును వేరు చేస్తాడా?
5. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం ఏం చేస్తాడో వరుసగా చెప్పగలడా? మాట రాకపోతే బొమ్మలు చూపగలడా?

మొదటిదే రాకపోతే అక్కడే మొదలుపెట్టండి. సిగ్గుపడాల్సింది లేదు. సికింద్రాబాద్‌లోని జాతీయ మేధో వైకల్య సాధికారత సంస్థ 1984 నుంచి ఈ పిల్లల కోసం పనిచేస్తోంది. అక్కడ తయారైన ఎఫ్‌ఏసీపీ చెక్‌లిస్టులో కూడా బిడ్డ రోజువారీ పనులను ఒక్కొక్కటిగా చూసి, ఎంత సాయంతో చేస్తున్నాడో రాస్తారు. దాన్ని బట్టే తర్వాతి లక్ష్యం పెడతారు. మీ భవిత కేంద్రం టీచరును దీని గురించి అడగండి.

■ మన తెలుగు లెక్కలో ఉన్న చిక్కులు

ఇది పుస్తకాల్లో పెద్దగా కనబడదు కానీ ఇంట్లో చాలా తిప్పలు పెడుతుంది.

మనుషులను ఒకలా, వస్తువులను ఒకలా లెక్కపెడతాం. రెండు, మూడు, నాలుగు అని నేర్పి, అన్నాల దగ్గర "ముగ్గురు వచ్చారు, కంచాలు పెట్టు" అంటాం. మూడు, ముగ్గురు ఒకటేనని మనకు తెలుసు. బిడ్డకు ఎవరూ చెప్పలేదు. ముగ్గురిని నిలబెట్టి, ఒక్కొక్కరి ముందు ఒక్కో కంచం పెట్టించి "ముగ్గురికి మూడు" అని రెండు మాటలూ కలిపి చెప్పండి.

రెండో చిక్కు: ఇంట్లో "నలభై" అంటాం, కొట్టాయన "ఫార్టీ" అంటాడు, ప్యాకెట్ మీద 40 అని ఉంటుంది. ఒకే సంఖ్యకు మూడు వేషాలు. బిడ్డకు ఏదో ఒకటే తెలిస్తే మిగతా రెండు చోట్ల ఆగిపోతాడు. అంకెను చూపిస్తూ రెండు మాటలూ అలవాటు చేయండి.

మూడోది పావు, అర, ముప్పావు. "పావు కిలో ఉల్లిపాయలు" అంటాం, కాటా మీద 0.250 అని కనబడుతుంది, ప్యాకెట్ మీద 250 గ్రాములు అని ఉంటుంది. టైము కూడా అంతే. "తొమ్మిదిన్నర" అంటాం, ఫోన్‌లో 9:30. "పావు తక్కువ పది" అనే మాట ఇప్పుడే వద్దు. 9:45 అని చదవడం చాలు.

■ నేర్పే పద్ధతి: నాలుగు సూత్రాలు

ఒకటి, అసలు వస్తువుతో మొదలు. ముందు చేతికి తగిలే వస్తువు, తర్వాత బొమ్మ, ఆ తర్వాతే అంకె. ఐదు గుడ్లు ముట్టుకోని బిడ్డకు పలక మీద 5 వట్టి గీత.

రెండు, పనిని మెట్లుగా విడగొట్టాలి. "వెళ్లి పాల ప్యాకెట్ తే" మనకు ఒక్క పని. బిడ్డకు అది ఏడు పనులు: నోటు తీసుకోవడం, కొట్టుకు నడవడం, వరుసలో ఆగడం, అడగడం, నోటు ఇవ్వడం, ప్యాకెట్టూ చిల్లరా తీసుకోవడం, తెచ్చి అమ్మకు ఇవ్వడం. ఎక్కడ ఆగిపోతున్నాడో చూస్తే, మొత్తం రాదనిపించిన పనిలో ఒక్క మెట్టే రాలేదని తెలుస్తుంది.

మూడు, చివరి మెట్టు నుంచి నేర్పవచ్చు. మొదట్లో ఆరు మెట్లు మీరు చేయండి. చివరిది, అంటే ప్యాకెట్ తెచ్చి అమ్మ చేతికి ఇవ్వడం, బిడ్డ చేస్తాడు. పని పూర్తి చేసిన సంతోషం అతనిదే అవుతుంది. అది వచ్చాక చివరి రెండు, తర్వాత చివరి మూడు. ఇలా వెనక నుంచి ముందుకు వస్తారు. మొదటి మెట్టులోనే తడబడి ఏడ్చే పిల్లలకు ఇది బాగా పనికొస్తుంది.

నాలుగు, సాయం తగ్గిస్తూ రావాలి. మొదట చేయి పట్టుకుని చేయించాలి. తర్వాత వేలితో చూపాలి. ఆ తర్వాత మాటతో చెప్పాలి. చివరికి ఊరుకోవాలి. ఈ ఆఖరిదే అన్నిటికన్నా కష్టం. బిడ్డ ఆలోచిస్తుంటే మనం ఆగలేక చెప్పేస్తాం. మనసులో పది లెక్కపెట్టుకోండి. ఆ పదిలోపే చాలాసార్లు జవాబు వస్తుంది. వరుసగా మూడు రోజులు సాయం లేకుండా చేస్తే తర్వాతి మెట్టుకు వెళ్లండి.

■ డబ్బు

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుదాం. బిడ్డను ఎక్కువగా మోసం చేసేదీ, బిడ్డకు ఎక్కువ గౌరవం తెచ్చేదీ డబ్బే.

నోటును గుర్తుపట్టడం: కొత్త నోట్లలో రంగులు బాగా తేడాగా ఉంటాయి. 10 చాక్లెట్ రంగు, 20 ఆకుపచ్చ కలిసిన పసుపు, 50 నీలం, 100 లేత ఊదా, 200 పసుపు, 500 బూడిద రంగు. అయితే పాత నోట్లు ఇంకా చేతులు మారుతున్నాయి, వాటి రంగు వేరు. అందుకే రంగుతో మొదలుపెట్టి అంకెకు రావాలి. ఒకేసారి అన్ని నోట్లూ వద్దు. ఒక వారం పది నోటు, తర్వాతి వారం దాని పక్కన వంద నోటు. పది, ఇరవై పక్కపక్కన పెడితే మొదట్లో తికమకపడతారు.

ఒక జాగ్రత్త: నేర్పడానికని నోట్లను కలర్ జిరాక్స్ తీయించొద్దు. చట్టం ఒప్పుకోదు. నాలుగు పది రూపాయల నోట్లు ఉంటే చాలు. డబ్బు ఖర్చయిపోదు, ఇంట్లోనే తిరుగుతుంది.

పై పది పద్ధతి: కూడికలు రాని పిల్లవాడు కూడా కొనుక్కోవచ్చు. కొట్టాయన "ఇరవై మూడు" అన్నాడు. బిడ్డ "ఇరవై" వినగానే రెండు పది నోట్లు తీస్తాడు. వెనక ఇంకేదో మాట ఉంటే ఇంకో పది కలుపుతాడు. అంతే, ముప్పై ఇచ్చాడు. వట్టి "ఇరవై" అంటే రెండే. ఇంట్లో కొట్టు ఆట ఆడుతూ పది నుంచి యాభై వరకు నేర్పండి. బాగా వచ్చాక "యాభై దాటితే వంద నోటు" అనే నియమం చెప్పండి.

చిల్లర: మొదటి దశలో "చిల్లర వచ్చిందా, లేదా" అన్నదే చూడాలి. ఇచ్చింది ఎక్కువైతే వెనక్కి డబ్బు రావాలి, చాక్లెట్ కాదు. "చిల్లర ఇవ్వండి" అనే మాట, మాట రాని పిల్లలకు చేయి చాపే సైగ, తప్పకుండా నేర్పండి. రెండో దశలో ధర నుంచి పైకి లెక్కపెట్టడం నేర్పాలి. ఇరవై మూడు అయితే ఇరవై నాలుగు, ఇరవై ఐదు అంటూ ముప్పై దాకా ఒక్కో రూపాయి పెట్టాలి. తీసివేత రాకపోయినా లెక్క తేలిపోతుంది.

పన్నెండు గళ్ల అట్ట: పింఛను వచ్చే పిల్లల ఇళ్లకు ఇది మా సూచన. పాత గోడ క్యాలెండర్ కాగితం వెనక్కి తిప్పండి. రెండు నిలువు వరుసల్లో ఆరేసి చొప్పున పన్నెండు గళ్లు గీయండి. ఒక్కో గడి ఐదు వందల నోటు పట్టేంత ఉండాలి. నెలంతా నోటు సైజు కాగితం ముక్కలతో సాధన చేయించండి: ఒక గడిలో ఒకటే, ఏ గడీ ఖాళీగా ఉండకూడదు. ఒకటో తారీఖున అసలు నోట్లు బిడ్డ చేతికి ఇచ్చి అట్ట మీద పరిపించండి. అన్ని గళ్లూ నిండితే 6,000 సరిగ్గా వచ్చినట్టు. ఒక గడి ఖాళీగా ఉంటే "ఇంకోటి రావాలి" అని అతనే చూపిస్తాడు. ఆరు వేలు అంటే ఎంతో తెలియని పిల్లవాడు కూడా తన డబ్బు తాను సరిచూసుకోగలడు.

సచివాలయ ఉద్యోగులకు ఒక విన్నపం. ఆ రోజు మీకు చాలా ఇళ్లు ఉంటాయి, తెలుసు. అయినా నోట్లు ఇచ్చేటప్పుడు పింఛనుదారుడి కళ్ల ముందు, గట్టిగా, ఒక్కొక్కటిగా లెక్కపెట్టండి. అర నిమిషం పని.

ఫోన్‌లో చెల్లింపు: పెద్ద పిల్లలు ఫోన్‌పే లాంటివి చూస్తూనే ఉన్నారు. ముందు ఒక్క నియమం నేర్పండి: పిన్ కొట్టేది డబ్బు పంపడానికే, డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. ఎవరైనా "డబ్బు వేస్తా, పిన్ కొట్టు" అంటే ఫోన్ అమ్మకో నాన్నకో ఇచ్చేయాలి.

■ సమయం

గడియారం ముళ్లతో మొదలుపెడితే చాలామంది పిల్లలు అక్కడే చిక్కుకుపోతారు. ముందు వరుస నేర్పండి: పళ్లు తోముకోవడం, స్నానం, టిఫిన్, బడి. నాలుగు బొమ్మలు గోడకు అంటించి, అయిన పనిని బిడ్డతోనే తిప్పించండి. తర్వాత రెండు మూడు సమయాలే తీసుకుని పనితో కలపండి. "8:30 బస్సు", "4:00 ఇంటికి". ఫోన్‌లో కనిపించే అంకెను, అట్ట మీద రాసిన అంకెను జత చేస్తే చాలు. ముళ్ల గడియారం ఆ తర్వాత.

రోజుకో కాగితం చింపే క్యాలెండర్ ఇంట్లో ఉంటే చింపే పని బిడ్డకు అప్పగించండి. నిన్న, ఇవాళ, రేపు ఏమిటో చేతికే తెలుస్తుంది.

ఫిట్స్ మందులు వాడే పిల్లల విషయంలో ఇది మరీ ముఖ్యం. పొద్దున గడి, రాత్రి గడి ఉన్న డబ్బాలో వారానికి సరిపడా మాత్రలు పెద్దవాళ్లే సర్దాలి. గడి ఖాళీ అయిందో లేదో బిడ్డ చూసి చెప్పాలి. మందు ఇచ్చే బాధ్యత మాత్రం పెద్దలదే.

ఆడపిల్లలకు నెలసరి తేదీని క్యాలెండర్‌లో ఎర్ర చుక్కతో గుర్తు పెట్టడం నేర్పండి. మళ్లీ ఎప్పుడు రావచ్చో వారాలు లెక్కపెట్టడం, బ్యాగులో ఎన్ని ప్యాడ్లు ఉన్నాయో చూసుకోవడం కూడా లెక్కే. తల్లి పక్కన లేనప్పుడు అమ్మాయి కంగారుపడదు.

■ కొలత

వంటిల్లే మంచి తరగతి గది. గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్లు. ఒక బియ్యం బొమ్మ, రెండు నీళ్ల బొమ్మలు అట్ట మీద గీసి గోడకు పెట్టండి. ఎప్పుడూ ఒకే గ్లాసు వాడండి, గ్లాసు మారితే లెక్క మారుతుంది. మొదట్లో కొలిచి పోసే పని బిడ్డది, పొయ్యి పని మీది.

సంతకు తీసుకెళ్లినప్పుడు కాటా మీద అంకెను చదివించండి. కిలో టమాటాలు ఎంత బరువో చేత్తో మోయించండి. పావు కిలో, కిలో తేడా మాటతో చెప్పలేం, సంచీ చెబుతుంది.

■ పిల్లవాడి అవసరాన్ని బట్టి మార్పులు

ఆటిజం: ధర మారితే, కొట్టు మారితే కొందరు తట్టుకోలేరు. మొదట ఒకే కొట్టు, రద్దీ లేని ఒకే వేళ. కుదురుకున్నాక కావాలనే చిన్న మార్పు చేయండి, ముందు రోజే చెప్పి మరీ.

చూపు లేనివారు, తక్కువ చూపు ఉన్నవారు: కొత్త 100 నోటు అంచుల్లో చేతికి తగిలే నాలుగు గీతలు, 200 నోటుకు నాలుగు గీతల మధ్య రెండు సున్నాలు, 500 నోటుకు ఐదు గీతలు ఉంటాయి. చిన్న నోట్లను పొడవుతో పోల్చుకోవాలి. 20 రూపాయల నాణేనికి పన్నెండు అంచులు. రిజర్వు బ్యాంకు 2020లో తెచ్చిన మణి యాప్ నోటును కెమెరాతో చూసి విలువ పైకి చెబుతుంది. లెక్కలకు అబాకస్, టేలర్ ఫ్రేమ్ వాడటం నేర్పిస్తారా అని భవిత కేంద్రంలో అడగండి.

వినికిడి లోపం: లెక్క వచ్చినా ప్రశ్నలోని మాట అర్థంకాక ఆగిపోతారు. ప్రశ్నను బొమ్మగా గీయండి, సైగతో చూపండి. కొట్లో ధరను ఫోన్ క్యాలిక్యులేటర్ మీద కొట్టి చూపమని అడిగే అలవాటు చేయండి.

సెరిబ్రల్ పాల్సీ: వేళ్లు సహకరించక నాణేలు జారిపోతాయి. తెలివి లేదనుకోవద్దు. మెడలో వేసుకునే చిన్న సంచీ, అందులో విడి విడి అరలు పెట్టండి. పట్టుకోలేని పిల్లవాడు కంటిచూపుతోనైనా "ఆ నోటు" అని చూపగలడు.

డిస్‌కాల్క్యులియా: మాటలు, చదువు బాగానే ఉండి లెక్కల దగ్గర మాత్రం ఆగిపోయే పిల్లలు ఉంటారు. సోమరితనం అని కొట్టొద్దు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల వైకల్యాల్లో నిర్దిష్ట అభ్యసన వైకల్యం ఉంది, డిస్‌కాల్క్యులియా దాని కిందకే వస్తుంది.

■ బడిలో టీచర్లు చేయగలిగింది

వేరే పీరియడ్ అక్కర్లేదు. మధ్యాహ్న భోజనం వేళ ఎన్ని ప్లేట్లు కావాలో లెక్కపెట్టే పని ఆ పిల్లవాడికి ఇవ్వండి. హాజరు సంఖ్య బోర్డు మీద రాయించండి. తరగతి అంతా భిన్నాలు చేస్తుంటే అతనితో రొట్టెను సగం చేయించండి. పాఠం ఒకటే, మెట్టు వేరు. ప్రతి బిడ్డకూ వ్యక్తిగత విద్యా ప్రణాళిక ఉండాలి. అందులో "గణితం మెరుగుపడాలి" అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. "మూడు నెలల్లో, సాయం లేకుండా, యాభై లోపు ధరకు సరిపడా పది నోట్లు ఇవ్వగలగాలి" అని రాయండి. అప్పుడే వచ్చిందో లేదో తేల్చుకోవచ్చు.

వయసును గౌరవించండి. పద్నాలుగేళ్ల అబ్బాయికి చిన్నపిల్లల పూసలు ఇస్తే తోటివాళ్లు నవ్వుతారు. అదే లెక్కింపు బోల్టులతోనో, క్రికెట్ స్కోరుతోనో చేయించవచ్చు.

■ మనం చేసే పొరపాట్లు

• "పాపం, ఎందుకులే" అని అన్నీ మనమే చేసేయడం. ప్రేమతోనే చేస్తాం, కానీ నేర్చుకునే అవకాశం మనమే తీసేస్తాం.
• రోజూ గంట కూర్చోబెట్టి విసుగు తెప్పించడం. పది నిమిషాలు, రోజూ, పనిలో భాగంగా చాలు.
• తమ్ముడితో పోల్చడం. నిన్నటి అతనితోనే పోల్చండి.
• తప్పు చేస్తే అందరి ముందు నవ్వడం. అరుగు మీద నేను చేసింది అదే.

■ హక్కులు, పథకాలు: క్లుప్తంగా

చదువు: 2016 చట్టం ప్రకారం 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకు దగ్గర్లోని బడిలో గానీ, కోరుకున్న ప్రత్యేక పాఠశాలలో గానీ ఉచిత విద్య హక్కు. పాఠ్యాంశాల్లో, పరీక్షల్లో తగిన మార్పులు చేయాలని కూడా చట్టం చెబుతోంది.

భవిత కేంద్రం: సమగ్ర శిక్ష కింద నడుస్తుంది. ప్రత్యేక శిక్షణ ఉన్న సహిత విద్య టీచర్లు ఉంటారు. బడికి రాలేని తీవ్ర వైకల్యం ఉన్న పిల్లలకు ఇంటి వద్ద విద్య ఉంది. ప్రత్యేక అవసరాలు గల బాలికలకు నెలకు 200 రూపాయల చొప్పున ఏడాదికి 10 నెలలు స్టైపెండ్, అర్హులకు రవాణా, ఎస్కార్ట్ భత్యాలు ఉన్నాయి. మండల విద్యాశాఖ కార్యాలయంలో అడగండి.

ధ్రువపత్రం: సదరం స్లాట్‌ను సచివాలయంలో బుక్ చేసుకోవాలి. యూడీఐడీ కార్డు దేశమంతా చెల్లుతుంది.

పింఛను: ఎన్టీఆర్ భరోసా కింద విభిన్న ప్రతిభావంతులకు 2024 జూలై నుంచి నెలకు 6,000 రూపాయలు.

ఉపకరణాలు: అడిప్ పథకం కింద మేధో వైకల్యం ఉన్న పిల్లలకు బోధన సామగ్రి కిట్లు, ఇతరులకు తగిన పరికరాలు అందుతాయి. శిబిరాల తేదీల కోసం భవిత టీచరుతో మాట్లాడండి.

ఆరోగ్య బీమా: ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యం ఉన్నవారికి నేషనల్ ట్రస్ట్ నిరామయ పథకంలో ఏడాదికి లక్ష రూపాయల వరకు.

■ తరచూ అడిగే ప్రశ్నలు

మా బాబుకు పద్నాలుగు దాటాయి. ఇప్పుడు మొదలుపెట్టి ఏం లాభం?
నిజానికి ఈ వయసులో కొన్ని తేలిక. కొట్టుకు వెళ్లాలని, సొంతంగా బస్సెక్కాలని కోరిక ఉంటుంది. అంకెలన్నీ వచ్చేదాకా ఆగక్కర్లేదు. పై పది పద్ధతితో, గళ్ల అట్టతో నేరుగా మొదలుపెట్టండి.

క్యాలిక్యులేటర్ ఇస్తే బద్ధకం రాదా?
కళ్లజోడు పెట్టుకుంటే బద్ధకం వస్తుందా? ఏ బటన్ ఎప్పుడు నొక్కాలో తెలియడమే నేర్చుకోవాల్సిన లెక్క.

లెక్క నేర్చుకుంటే పింఛను తీసేస్తారేమో?
చాలా ఇళ్లలో పైకి చెప్పని భయం ఇదే. పింఛనుకు ఆధారం వైద్యులు ఇచ్చే ధ్రువపత్రంలోని వైకల్య శాతం. వాళ్లు బిడ్డ మొత్తం పరిస్థితిని చూస్తారు, ఒక్క పనిని కాదు. పాల ప్యాకెట్ తేవడం వచ్చినంత మాత్రాన వైకల్యం పోదు. ఆ భయంతో నేర్పడం మానేస్తే నష్టపోయేది బిడ్డే.

పద్దెనిమిది నిండాక డబ్బు వ్యవహారం ఎవరు చూడాలి?
2016 చట్టంలోని 13వ సెక్షన్ ప్రకారం దివ్యాంగులకు అందరితో సమానంగా ఆస్తి కలిగి ఉండే హక్కు, తమ ఆర్థిక వ్యవహారాలను తామే చూసుకునే హక్కు ఉన్నాయి. సాయం తప్పనిసరి అయిన నాలుగు రకాల వైకల్యాలకు నేషనల్ ట్రస్ట్ చట్టం కింద సంరక్షకుడి నియామకం కోసం కలెక్టర్ అధ్యక్షతన ఉండే స్థానిక స్థాయి కమిటీకి దరఖాస్తు చేయవచ్చు. సంరక్షకుడు ఉన్నా బిడ్డ తన డబ్బు గురించి తెలుసుకోకూడదని లేదు.

■ ఈ నెల చేయాల్సింది

☐ పైన ఉన్న ఐదు ప్రశ్నలతో బిడ్డకు ఏం వచ్చో చూడండి
☐ ఒకే ఒక్క లక్ష్యం పెట్టుకోండి, కాగితం మీద రాయండి
☐ మెట్లు విడగొట్టి, రోజూ పది నిమిషాలు కేటాయించండి
☐ దగ్గరి కొట్టాయనకు ముందే చెప్పండి: "మా వాడు వస్తాడు, కాస్త ఓపిక పట్టండి"
☐ భవిత టీచరును కలిసి వ్యక్తిగత విద్యా ప్రణాళిక కాపీ అడగండి
☐ పింఛను వస్తుంటే పన్నెండు గళ్ల అట్ట గీయండి

ఇంకొక్క మాట. ఒకటో తారీఖున డబ్బు రాగానే బిడ్డ "ఎంత?" అని అడగవచ్చు. అడగకపోయినా చెప్పండి. నోట్లు అతని చేతిలో పెట్టి, అతని వేగంతో, పన్నెండూ పూర్తయ్యేదాకా కూర్చోండి. బయట ఎవరైనా ఎదురుచూస్తుంటే చూడనివ్వండి.

ఈ పీడీఎఫ్‌ను మీ బడి, సచివాలయ, స్వయం సహాయక సంఘాల వాట్సాప్ గ్రూపుల్లో పంచండి. చదవలేని తల్లి ఉంటే పక్కన కూర్చుని చదివి వినిపించండి.

జిల్లా సమాచార, పౌర సంబంధాల అధికారి